ఉప్పు చూడటానికి మాత్రమే

గోగుపేటలో సన్యాసమ్మ చేతి ఉప్పుకు పేరు. పులుసుకు పేరున్నవాళ్లు, పచ్చడికి పేరున్నవాళ్లు ఏ ఊళ్లో చూసినా పదిమంది ఉంటారు. ఉప్పుకు పేరు రావడం అంత తేలిక కాదు. సరిగ్గా పడినంతకాలం ఉప్పును ఎవరూ తలుచుకోరు, తప్పిన పూటే అందరికీ గుర్తొస్తుంది. గోగునార మిల్లు క్యాంటీన్లో ముప్పై ఏళ్లు, రోజుకు నాలుగొందల మందికి వండిన సన్యాసమ్మకు ఒక్క పూట కూడా ఉప్పు తప్పలేదు. ఏ విషయంలోనూ ఒకదానితో ఒకటి ఒప్పుకోని మిల్లు యూనియన్లు రెండూ ఈ ఒక్క సంగతి ఒప్పుకున్నాయి.

తర్వాత మిల్లు మూతపడింది. గేటుకు తాళం వేసినవాళ్లు క్యాంటీనుకు వేయడం మరిచిపోయారు. మిల్లు కార్మికులుండే లైన్లలో నూట పది ఇళ్లు. అందులో పొయ్యి వెలిగే ఇళ్లు నెలనెలా తగ్గుతూ వచ్చాయి. ఒకరోజు పొద్దున్నే సన్యాసమ్మ క్యాంటీన్ గుమ్మంలో వెదురుబుట్ట పెట్టి, దాని మీద తన పాత చీర ముక్క కప్పింది.

"ఎవలింట్లో ఏటుంటే అది పిడికెడు ఎయ్యండి. గుడ్డ కింద సెయ్యెట్టి ఎయ్యండి. ఎవలు ఏటేసినారో ఎవలూ సూడకూడదు," అంది.

బియ్యం వచ్చింది, మునగాకు వచ్చింది, రెండేసి వంకాయలు వచ్చాయి. గుడ్డ కిందికి వెళ్లే చేతుల్లో కొన్ని ఖాళీవని సన్యాసమ్మకు తెలుసు. అవి కూడా మిగతా చేతుల్లాగే పిడికిలి బిగించుకుని వెళ్లి, వేళ్లు చాపుకుని బయటికొచ్చేవి. మధ్యాహ్నానికి యాభైమంది దాకా ఒక పూట అన్నం తినేవాళ్లు. సగం మందికి రోజు మొత్తానికి అదొక్కటే తిండి.

ఇలా సుఖంగా సాగిపోతుండగా పేపర్లో ఫొటో పడింది. పేదలు తమ ఆకలి తామే తీర్చుకుంటున్నారని దాని కింద రాశారు. ఇంత పని ఏ శాఖ ప్రమేయమూ లేకుండా జరిగిపోతోందని తెలిసి పోషకాహార చైతన్య విభాగం ఉలిక్కిపడింది. వారం తిరక్కుండా ఒక జీపు, ఒక వ్యాను క్యాంటీన్ ముందు ఆగాయి. జీపులోంచి ఆ ప్రాంతపు సమన్వయాధికారి పరిపూర్ణరావు దిగాడు. వ్యానులోంచి బియ్యం, కందిపప్పు, క్యారెట్లు, బీట్‌రూట్లు, వేరుశనగ పలుకులు, బెల్లం దిమ్మలు దిగాయి. సన్యాసమ్మ కందిపప్పు బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, కాసేపు తీయకుండా అలాగే ఉంచుకుంది. అంత పప్పు కంటికి కనబడి రెండేళ్లయింది.

పరిపూర్ణరావు చెడ్డవాడు కాదు. నిబంధనల పుస్తకం మొత్తం చదివి, చదివినదంతా నమ్మాడు, అంతే. బ్యానరు కట్టించి, మైకు లేకపోయినా ఉన్నట్టే మాట్లాడాడు.

"ఆకలి అనునది ఆహారము లేకపోవుట వలన కలుగునని ప్రజలలో ఒక అపోహ పాతుకుపోయి ఉన్నది. మా విభాగము వారి అధ్యయనములో తేలినదేమనగా, ఆకలి కేవలము అవగాహనా లోపము వలన కలుగును."

ముందు వరుసలో సూరప్పడు కూర్చున్నాడు. మిల్లులో నార దువ్వే మిషను మీద పనిచేసి దగ్గు మిగుల్చుకున్న ముసలాయన. సన్యాసమ్మకు వరసకు మావ. ఆయన తల ఊపాడు.

"నిజమే బాబూ. అవగాన నేకే మాకు రోజూ మద్దేనానికి ఆకలేసేస్తంది."

పరిపూర్ణరావు సంతోషించి ఆ మాట నోటు చేసుకున్నాడు. ఆ రోజు నుంచి క్యాంటీన్ పేరు సామూహిక పాక పోషణ విద్యా కేంద్రం. సన్యాసమ్మ ప్రధాన పాక శిక్షణార్థి. తినడానికొచ్చే నలభై ఏడుగురూ శిక్షణార్థులు. గుమ్మంలో బుట్ట అజ్ఞాత సేకరణ కిందికి వస్తుంది కనుక మూలకు చేరింది. సిలబస్ లేని వంట ఆ ఆవరణలో ఇకమీదట జరగకూడదు. బుట్ట పోతే పోయింది, పప్పు వచ్చింది కదా అని సన్యాసమ్మ సరిపెట్టుకుంది.

మొదటి పాఠం ఏడు రంగుల పళ్లెం. పళ్లెంలో ఇంద్రధనుస్సు రంగులన్నీ ఉండాలట. ఎరుపుకు టమాటా, పసుపుకు పప్పు, ఆకుపచ్చకు తోటకూర, ఇలా అన్నీ కుదిరాయి గానీ నీలం దగ్గర బండి ఆగిపోయింది. వంకాయను ఊదా రంగు కింద అప్పటికే నియమించేశారు. ఒకే కూర రెండు హోదాల్లో ఉండటానికి వీల్లేదు. పరిపూర్ణరావు చాలాసేపు ఆలోచించి, "నీలము: ఖాళీ. భర్తీ చేయవలసి ఉన్నది" అని రిజిస్టరులో రాశాడు.

సన్యాసమ్మ పప్పు దించింది. తోటకూర తాలింపు పెట్టింది. ఆ వాసనకు నలభై ఏడుగురూ పళ్లాలు పట్టుకుని బారులు తీరి కూర్చున్నారు.

"పళ్లెములు ఎందుకు?" అని అడిగాడు పరిపూర్ణరావు.

"తినడానికి బాబూ," అంది సన్యాసమ్మ.

ఆయన నొచ్చుకున్నాడు. పుస్తకం తెరిచి, పద్నాలుగో నిబంధన చదివాడు. "శిక్షణలో భాగముగా తయారైన వంటకము బోధనా సామగ్రి. బోధనా సామగ్రిని శిక్షణార్థులు చూడవచ్చును. భుజింపరాదు."

ఎవరికీ అర్థం కాలేదని గ్రహించి ఓపికగా విడమరిచాడు. "బడిలో గ్లోబు ఉంటుంది. అది బోధనా సామగ్రి. పిల్లలు గ్లోబును చూస్తారు. తింటారా?"

"గ్లోబు ఉడకదు కదా బాబూ," అన్నాడు సూరప్పడు.

ఉడికినా ఉడకకపోయినా నిబంధన ఒకటే. పాఠం పూర్తయ్యాక బోధనా సామగ్రిని ఏం చేయాలో కూడా పుస్తకంలో ఉంది. పెరట్లో మూడడుగుల గొయ్యి తీసి, అధికారి సమక్షంలో అందులో పారబోసి, సంతకం చేయాలి. ఆ మధ్యాహ్నం సన్యాసమ్మ తన చేత్తో వండిన పప్పు తన చేత్తోనే గొయ్యిలో ఒంపింది. ముప్పై ఏళ్లలో ఆవిడ గిన్నె అడుగున మెతుకు వదిలినవాణ్ణి కూడా తిట్టకుండా వదల్లేదు. ఈ పూట ఎవరిని తిట్టాలో ఆవిడకు తెలియలేదు.

పాఠాలు రోజూ సాగాయి. విటమిన్ల మీద ఒకటి, పీచుపదార్థం మీద ఒకటి, సంతృప్తిగా తినడం ఎలా అన్నదాని మీద రెండు. ఎనిమిదో రోజున నమలడం మీద ప్రాక్టికల్ పెట్టారు. ప్రతి ముద్దనూ ముప్పై రెండుసార్లు నమలాలి. ముద్ద బోధనా సామగ్రి కనుక ముద్ద లేకుండా నమలాలి. పరిపూర్ణరావు ఒకటి, రెండు అని లెక్కపెడుతుంటే నలభై ఏడుగురూ గాలిని నమిలారు.

"నాకు ఏడే పళ్లున్నాయి బాబూ. ఏడుసార్లు నమిల్తే సాలదేటి?" అని సూరప్పడు అడిగాడు. దంత నిష్పత్తి మీద వివరణ కోరుతూ పైకి ఉత్తరం వెళ్లింది.

వారానికోసారి తూకం కూడా ఉండేది. శిక్షణార్థులంతా ఒకటిన్నర కిలోల చొప్పున తగ్గారు. నోటి పరీక్షలో మాత్రం అందరికీ నూటికి నూరు వచ్చాయి. "అవగాహన పెరుగుకొలదీ శరీరములోని అనవసరపు భారము తొలగిపోవుచున్నది" అని పరిపూర్ణరావు నివేదిక పంపాడు. ఈ లోపల లైన్లలోని మేకలు గొయ్యి పక్కన కాపురం పెట్టేశాయి.

"మేకలకి అవగానేటీ నేదు బాబూ. అయినా సూడండి, ఎలా బలిసినాయో," అన్నాడు సూరప్పడు.

తొమ్మిదో రోజు, నమలడం రెండో విడత ప్రాక్టికల్లో, పంతొమ్మిదో నమలుడు దగ్గర సూరప్పడు బల్ల మీంచి పక్కకు ఒరిగిపోయాడు. నీళ్లు చల్లితే లేచి కూర్చున్నాడు గానీ ఆయన మొలతాడు జారి నడుం కిందికి వచ్చేసింది. రిజిస్టరులో "నమలుటలో అధిక శ్రమ" అని రాశారు. సన్యాసమ్మ మూలనున్న బుట్ట వంక చూసింది. గుడ్డ కప్పిన బుట్ట ఉన్నప్పుడు ఈ ముసలాయనకు పూటకు రెండు గరిటెల పప్పయినా పడేది. ఇప్పుడు బస్తాల కొద్దీ పప్పుంది, ముసలాయనకు మాత్రం గాలి దక్కుతోంది.

పదో రోజు గోంగూర పప్పు. పప్పు మెదిపి, ఉప్పేసి, గరిటెతో తిప్పి, గరిటె చివర నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని సన్యాసమ్మ నాలిక్కి రాసుకుంది. ముప్పై ఏళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే చేసేసింది.

"ఏమిటది?" పరిపూర్ణరావు కుర్చీలోంచి లేచాడు. "బోధనా సామగ్రిని భుజించుచున్నారా?"

"బుజించడమేటి బాబూ? ఉప్పు సూసినాను."

"నోట్లో పెట్టుకున్నారు!"

"ఉప్పు మరెలా సూస్తారు బాబూ? మీ పుస్తకంలో సూడొచ్చని ఉందా నేదా?"

"చూడవచ్చునని ఉన్నది."

"ఉప్పు ఒక్కటీ సూడకూడదని ఎక్కడైనా రాసినారా?"

ఆయన పద్నాలుగో నిబంధన మళ్లీ చదివాడు. ముందు పేజీ, వెనక పేజీ కూడా చదివాడు. "లేదు," అన్నాడు.

"మీ ఇంట్లో మీ అమ్మగారు కూర కలిపి, బాబూ ఒకపాలి ఉప్పు సూడరా అంటే, మీరు కళ్లజోడెట్టుకుని ఎల్లేవారేటి?"

పరిపూర్ణరావు కుర్చీలో కూలబడి, అరచేయి ముందుకు చాచాడు. సన్యాసమ్మ అందులో గోంగూర పప్పు వేసింది. ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కాగితం తీసి పై ఆఫీసుకు ఉత్తరం రాశాడు: "ఉప్పు చూచుట అనునది చూచుటయా, భుజించుటయా, తెలుపగోరుచున్నాను. తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు చూచుటగానే పరిగణించుచున్నాను."

పై ఆఫీసులో దీని మీద భాషా ఉపసంఘం వేశారు. వాళ్లు నాలుగుసార్లు సమావేశమై, నాలుగుసార్లూ భోజనాలు చేసి, నిర్ణయం పంపారు. ఉప్పు చూచుట చూచుటయే. ప్రతి శిక్షణార్థికీ ఉప్పు చూసే హక్కు ఉంది. కాకపోతే ఉప్పు సరిపోయిందని శిక్షణార్థులంతా ఏకగ్రీవంగా తేల్చి సంతకాలు పెట్టాలి. ఏకగ్రీవం కుదరకపోతే మరల చూడవలెను. సరిపోయిందని తేలిన తక్షణం మిగిలినదంతా గొయ్యిలోకి పోవాలి. అంతేకాదు, ఉప్పు తేలిందంటే ప్రధాన శిక్షణార్థికి వంట వచ్చినట్టే కనుక శిక్షణ ముగిసినట్టు ప్రకటించి, సరుకులు ఆపి, కేంద్రానికి తాళం వేయాలి.

ఈ ఉత్తర్వు చదివి వినిపించగానే నలభై ఏడుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అవగాహన కార్యక్రమం మొదలైన తర్వాత వాళ్లకు నిజంగా అవగాహన కలిగింది అప్పుడే.

సన్యాసమ్మ అందరి అరచేతుల్లో తలా కాస్త పప్పు వేసింది. "ఉప్పు ఎట్లున్నది?" అని పరిపూర్ణరావు అడిగాడు.

"నాకు తేల్లేదు బాబూ," అన్నాడు సూరప్పడు. "ఇంకో గరిటె పడితే సెప్తాను."

రెండో గరిటెకూ తేలలేదు. "ఒట్టి పప్పైతే నాలిక్కి తెలుస్తాది గానీ మనిసికి తెల్దు. అన్నంలో కలుపుకుంటేనే మనిసికి తెలుస్తాది."

"అన్నములో ఉప్పు వేయరు కదా?"

"అందుకే బాబూ. అందులో నేదు కాబట్టే ఇందులో ఉన్నాదో నేదో తేలిపోతాది."

ఈ తర్కంలో పరిపూర్ణరావుకు లోపం కనబడలేదు. "పరిశీలనకు ఆధార మాధ్యమము: అన్నము" అని రాసుకున్నాడు. పళ్లాలు మళ్లీ వచ్చాయి. వాటి పేరు ఉప్పు చూచు పాత్రలు. పప్పులో ఉప్పు తేలనివాళ్లు పోల్చుకోవడానికి కూరలో ఉప్పు చూశారు. కూరలో తేలనివాళ్లు చారులో చూశారు. చంటిపిల్లల నాలుక కల్తీ లేనిదని తల్లులు పిల్లల్ని తెచ్చారు. రెండు గంటలకల్లా గిన్నెలు ఖాళీ. గొయ్యిలో వేయడానికి ఏమీ మిగల్లేదు. ఏకగ్రీవం మాత్రం కుదరలేదు.

ఆ రోజు రిజిస్టరులో ఇలా పడింది: "వంట: సన్యాసమ్మ. ఉప్పు: తేలలేదు." మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అదే.

సూరప్పడి మొలతాడు మెల్లగా పైకి వచ్చింది. క్యాంటీన్ అంతా మళ్లీ కబుర్లతో నిండిపోయింది. పరిపూర్ణరావు కూడా పర్యవేక్షణాధికారి హోదాలో రోజూ కుర్చీలో కూర్చుని ఉప్పు చూసేవాడు. ఆయనక్కూడా తేలేది కాదు. సంతోషం లేనిది సన్యాసమ్మ ఒక్కదానికే. ఆవిడకు చదువు రాదు గానీ రిజిస్టరులో తన పేరు పక్కన రోజూ పడే ఆ రెండు మాటల ఆకారం బాగా తెలిసిపోయింది. ఒకరోజు పళ్లాలు కడుగుతూ సూరప్పణ్ణి నిలదీసింది.

"మావా, నిజం సెప్పు. ఉప్పు సమంగా నేదేటి?"

ముసలాయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఉప్పు సమంగా ఉందని నా నోటితో సెప్పీస్తే, రేపు నా నోట్లోకి ఏటెల్తాది కోడలా?"

ఆవిడ పళ్లెం అవసరమైనదానికన్నా గట్టిగా తోమింది.

ఉప్పు తేల్చడం మొదలైన నూట పన్నెండో రోజున రాజధాని నుంచి సంయుక్త సంచాలకులు మార్తాండరావు గారు తనిఖీకి వచ్చారు. నేరుగా పెరట్లోకి వెళ్లారు. గొయ్యిలో గడ్డి మొలిచి ఉంది. గడ్డిలో ఒక మేక పడుకుని ఉంది.

"ఇన్ని నెలలలో గొయ్యిలో ఒక్క మెతుకు లేదు!" అని మార్తాండరావు గారు గర్జించారు. "పోషకాహార కార్యక్రమము జరిగినట్లు ఆనవాలు ఏది?"

తూకం పుస్తకం తెప్పించుకుంటే అందరి బరువులూ పెరిగి ఉన్నాయి. అంటే అవగాహన అంత మేర పడిపోయిందన్నమాట. ఉప్పు రిజిస్టరు తెప్పించుకుంటే నూరు పేజీలకు పైగా ఒకటే ముక్క.

"ఒక బాధ్యత గల అధికారి తలచుకున్నచో క్షణములో తేలిపోవు విషయమిది. తెండు, నేను చూచెదను," అని ఆయన పరిపూర్ణరావు కుర్చీలో కూర్చున్నారు.

ఒక్క సంగతి అక్కడెవరికీ తెలియదు. రక్తపోటు ఉందని డాక్టరు మార్తాండరావు గారిని మూడేళ్లుగా చప్పిడి కూటి మీద పెట్టాడు. మూడేళ్లుగా ఆయన ఉప్పు ముఖం చూడలేదు. సన్యాసమ్మ వేడి అన్నంలో గోంగూర పప్పు వేసి, పక్కన వంకాయ కూర పెట్టింది. మొదటి ముద్దకు ఆయన కళ్లు మూతపడ్డాయి. రెండో ముద్దకు అంగీ పై బొత్తాం ఊడదీశారు. మూడో వడ్డనలో వేళ్లు నాకుతూ, తడి కళ్లతో అందరినీ ప్రేమగా చూశారు.

"అద్భుతము! ఉప్పు సరిగ్గా సరిపోయినది. వ్రాయండి పరిపూర్ణరావు! అందరిచేతా సంతకాలు పెట్టించి, గొయ్యి సిద్ధము చేయండి."

నలభై ఏడు చేతులు పళ్లాల్లోనే ఆగిపోయాయి. సంతకాలు పడితే గిన్నెల్లో ఉన్నది గొయ్యికి, బస్తాల్లో ఉన్నది వ్యానుకు, తాళం తలుపుకు.

సూరప్పడు చేయెత్తాడు. "నాకు తేల్లేదు బాబూ."

"ఏడు పళ్ల నోటికి తేలునా? చెల్లదు," అని మార్తాండరావు గారు కొట్టిపారేశారు. "శిక్షణలో ఉన్నవారి నాలుకలన్నియు అపరిపక్వములే. వండినవారి మాటయే ప్రమాణము." ఆయన సన్యాసమ్మ వైపు తిరిగారు. "నీవు చెప్పుము. నీ వంటలో ఉప్పు సరిపోయినదా, లేదా?"

నూట పన్నెండు రోజులుగా ఎవరో ఒకరు ఈ ప్రశ్న తనను అడిగితే బాగుండునని ఆవిడ ఎదురుచూసింది. అడిగితే ఏం చెప్పాలో కూడా అనుకుని పెట్టుకుంది. సరిపోయిందనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. బారుల్లో కూర్చున్నవాళ్లంతా ఆవిడ నోటివంకే చూస్తున్నారు. సూరప్పడి పళ్లెంలో ఇంకా సగం అన్నం ఉంది.

"తేల్లేదు బాబూ," అంది సన్యాసమ్మ. "ముప్పై ఏళ్లై ఒండుతున్నాను. నాకు ఉప్పెయ్యడం రాదు."

పరిపూర్ణరావు తల వంచుకున్నాడు. మార్తాండరావు గారి ముఖం మాత్రం దీపం పెట్టినట్టు వెలిగింది.

"చూచితిరా! ముప్పై ఏండ్లుగా వండుచున్న స్త్రీకి ఉప్పు వేయుట రాదు! ఇట్టి వారికి కాక మన శిక్షణ మరెవరికి? ఈ కేంద్రమును మరి మూడు సంవత్సరములు పొడిగించుచున్నాను. సరుకులు రెట్టింపు చేయండి. ఆ గొయ్యి పూడ్చివేయండి, తనిఖీలకు అడ్డముగా ఉన్నది." తర్వాత గొంతు తగ్గించి, పళ్లెం ముందుకు జరిపారు. "అయితే, అమ్మా, నేను కూడ తొందరపడితినేమో. మరొక్కసారి చూచిన మంచిది."

ఆ తర్వాతి సోమవారం బుట్ట మళ్లీ గుమ్మంలోకి వచ్చింది, చీర ముక్కతో సహా. ఎవరు పెట్టారో ఎవరూ చూడలేదు. అయితే ఆ రోజు గుడ్డ తీస్తే మునగాకుల మధ్య ఆఫీసు కాగితంలో కట్టిన ఉప్పు పొట్లం ఒకటి కనబడింది. అదే వారంలో రాజధాని నుంచి అద్దం కట్టిన ప్రశంసాపత్రం వచ్చింది. "ఉప్పు వేయుట రాదని నిజాయితీగా అంగీకరించి తోటివారికి ఆదర్శముగా నిలిచిన శ్రీమతి సన్యాసమ్మకు" అని బంగారు అక్షరాలతో ఉంది. సూరప్పడు దాన్ని చదివించుకుని, పొయ్యి పైన మేకు కొట్టి తనే తగిలించాడు. తగిలించి దిగి, సన్యాసమ్మ రెండు చేతులూ పట్టుకుని, దగ్గేసి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఇంకా ఎవరూ రాకముందు ఆవిడ పప్పు దించింది. గరిటెతో తిప్పి, నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని, గోడ మీది బంగారు అక్షరాల వైపు ఒకసారి చూసి, నాలిక్కి రాసుకుంది.

ఉప్పు సరిగ్గా సరిపోయింది. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు.